మధ్య సీట్లో నేను

మలేషియా వెళ్లి బైక్ రేసులు చూసొచ్చానని తెలిసినవాళ్లందరూ ఒకటే అడుగుతారు, "ఎలగుంది బావ, అదిరిపోయిందా?" అని. అదిరింది. చెవులు అదిరాయి, కుర్చీ అదిరింది, వెళ్లిన దగ్గర్నుంచి వచ్చేదాకా నా బుర్ర అదురుతూనే ఉంది. గెలిచిన బండి ఏ రంగుదో మాత్రం అడక్కండి. నేను చూసిందల్లా రెండు మొహాలు. ఎడమపక్క ఒకటి, కుడిపక్క ఒకటి. పొరపాటున కూడా ఒకదాన్నొకటి చూసుకోని మొహాలు.

ఎడమపక్క వాడు మెకానిక్. కంచరపాలెంలో రైలు పట్టాల అవతల వాడి షెడ్డు. కుడిపక్క వాడు స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ నడుపుతాడు, అందుకని మాకు క్రేనోడు. నాది వన్ టౌన్‌లో స్పేర్ పార్టుల కొట్టు. చిన్నప్పుడు ముగ్గురం ఒకే వీధి. నిక్కర్ల వయసు నుంచి ఒకళ్లనొకళ్లు బావ అనుకుంటూ పెరిగాం. పెద్దయ్యాక ఆదివారం రేసుంటే చాలు, షెడ్డులో టీవీ ముందు ముగ్గురం చేరేవాళ్లం. మెకానిక్‌కి ఒక రైడరు ప్రాణం, క్రేనోడికి ఇంకొకడు. ఇద్దరూ అరుచుకుంటుంటే నేను మధ్యలో కూర్చుని పల్లీలు తినేవాణ్ణి. మధ్యలో కూర్చోవడం నాకు అప్పటి నుంచే అలవాటు.

తరవాత మెకానిక్ చెల్లెల్ని క్రేనోడికిచ్చి చేశాం. చేశాం అని ఎందుకంటున్నానంటే మధ్యవర్తిని నేనే. ఎందుకు తలదూర్చానో ఆ దేవుడికే తెలియాలి. కాపురం సజావుగా సాగితే అది వాళ్ల అదృష్టం, చెడితే మాత్రం "ఈ సంబంధం తెచ్చిందెవడు?" అంటూ అందరూ నావైపే తిరుగుతారు. ఏళ్ల తరబడి బాగానే సాగింది. పాప పుట్టింది. ఉన్నట్టుండి ఆ పాప పుట్టినరోజునాడే అంతా చెడింది.

ఆ రోజు ప్లాంట్ క్వార్టర్లో భోజనాలు. క్రేనోడితో పనిచేసేవాళ్లు కూడా వచ్చారు. బిర్యానీలో ఉప్పెక్కువైందని వాడు అందరి ముందూ పెళ్లాం మీద ఎగిరాడు. ఆ అమ్మాయి గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మెకానిక్ ఊరుకోవచ్చు కదా? వాడి వంశంలోనే ఊరుకోవడం లేదు.

"మా సెల్లి నీకు వంటమనిషిలాగ కనపడతందేటి?" అన్నాడు.

"అంత ముద్దైతే నీ సెల్లిని నువ్వే తీసుకుపో," అన్నాడు క్రేనోడు.

కోపంలో నోరుజారిన మాట అది. తెల్లారితే వాడే మర్చిపోయేవాడు. కానీ తెల్లారేసరికి మెకానిక్ గూడ్స్ ఆటో తెచ్చి క్వార్టర్ ముందు ఆపాడు. చెల్లెల్నీ పాపనీ ఎక్కించాడు. అక్కడితో ఆగాడా? పెళ్లిలో సారె కింద ఇచ్చిన బీరువా కూడా తీసుకెళ్లిపోతానన్నాడు. ఆ ఇనప బీరువా మెట్ల మీద ఇరుక్కుపోయింది. అటు కదలదు, ఇటు కదలదు. అప్పుడేం జరిగిందో చెబితే నమ్మరు. క్రేనోడే గబగబా వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. "కొంచెం ఎత్తు," అన్నాడు. "ఇటు తిప్పు," అన్నాడు మెకానిక్. వాళ్లిద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. పెళ్లాం వెళ్లిపోతుంటే నోరు తెరవనివాడు బీరువాకి గీతలు పడకూడదని తాపత్రయపడ్డాడు చూడండి, అక్కడ నా కడుపు మండింది.

ఇక ఆ తరవాత పద్ధతుల గొడవ. పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్లిన ఆడపిల్ల తనంతట తాను తిరిగి వెళ్లకూడదంటారు మావాళ్లు. మొగుడు వచ్చి పిలవాలి, పుట్టింటివాళ్లు పంపాలి. పిలుపు లేకుండా వెళ్తే విలువ ఉండదట. "పొమ్మన్నోడే వచ్చి పిలవాల," అని మెకానిక్. "తీసుకుపోయినోడే తెచ్చి దింపాల," అని క్రేనోడు. ఇద్దరికీ కలవాలనే ఉంది. నా కొట్టుకొచ్చి వేరువేరుగా ఇద్దరూ కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లే. కానీ ముందు అడుగు ఎవడూ వెయ్యడు. అప్పటిదాకా బావ అనుకున్నవాళ్లు ఒకణ్ణొకడు "ఆయన" అనడం మొదలుపెట్టారు. నన్ను అడకత్తెరలో పోకచెక్కని చేశారు.

మలేషియా టికెట్లు ఈ గొడవకి ముందే కొన్నాం. విశాఖ నుంచి నేరుగా విమానం, మూడు పక్కపక్క సీట్లు, హోటల్లో ముగ్గురికీ ఒకటే గది. ఎవడో ఒకడు మానేస్తాడులే అనుకున్నాను. మానలేదు. "నానెందుకు మానాల? మానితే ఆయన్ని మానమను," అన్నారు, అక్షరం తేడా లేకుండా ఇద్దరూ.

బయల్దేరే ముందు రోజు చెల్లెమ్మ, అదే మెకానిక్ చెల్లెలు, నా కొట్టుకొచ్చింది. నన్ను అన్నయ్యా అనే పిలుస్తుంది, చిన్నప్పటి నుంచీ. బోల్టుల డబ్బా మీద చెయ్యి వేసుకుని నిలబడి మెల్లగా చెప్పింది.

"అన్నయ్యా, నాకు ఎల్లాలనే ఉంది. నాకు నాను ఎల్లిపోతే రేపు ఏ మాటొచ్చినా 'నువ్వే కదా వచ్చేవు' అంతారు. మీరొచ్చేక పాపకి కంచరపాలెం బళ్లో సీటు మాటాడతానంతన్నాడు మా అన్నయ్య. బడి మారిపోతే ఇంకేటుంది, అయిపోయినట్టే. మీ ముగ్గురూ ఒక్క గదిలో ఉంతారు కదా. ఎవలి సేతైనా ఆ ఒక్క మాట అనిపించు."

"నాకొదిలెయ్యమ్మా," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

విమానంలో మధ్య సీటు నాదే. హోటల్లో మధ్య మంచం నాదే. ఏసీ చలిగా ఉందని మెకానిక్‌కి అనిపిస్తే నాకు చెప్పాలి, నేను క్రేనోణ్ణి అడగాలి, వాడు "ఆయనిష్టం" అనాలి, ఆ మాట నేను మళ్లీ ఇటు మొయ్యాలి. మూడు అడుగుల దూరంలో ఒకడి మాట ఒకడికి శుభ్రంగా వినపడుతోంది. అయినా నేను మోస్తేగానీ అది చేరినట్టు కాదు. "సబ్బెక్కడుందో అడుగు," అన్నాడు మెకానిక్. "నీ చేతి కిందే ఉంది కదరా," అన్నాను. "అది ఆయన సబ్బు," అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

శుక్రవారం ప్రాక్టీసు. టీవీలో వినే శబ్దానికీ అక్కడి శబ్దానికీ పోలికే లేదు. బండి కనపడకముందే గుండెల్లో గుద్దుతుంది. కనపడిందనుకునేలోపు మలుపు తిరిగిపోతుంది. మేం కూర్చునే స్టాండు దగ్గర చెవుల్లో పెట్టుకునే స్పాంజి ప్లగ్గులు అమ్ముతున్నారు. నేను కొన్నాను. క్రేనోడు ప్లాంట్‌లో వాడే ప్లగ్గులు జేబులోనే తెచ్చుకున్నాడు. మెకానిక్‌కి ఇవ్వబోతే కోప్పడ్డాడు.

"పెళ్లికొచ్చి సన్నాయి ఇనపడకుండా సెవులు మూసుకుంతామేటి? ఈ సౌండు కోసమే కదా వచ్చేను," అన్నాడు.

సాయంత్రానికి వాడికి నేను పిలిస్తే వినపడటం మానేసింది. చెవుల్లో గుయ్యిమంటోందంటూ తల పట్టుకుని పడుకున్నాడు. క్రేనోడు తన సంచీలోంచి నొప్పి మాత్ర తీసి నా చేతిలో పెట్టాడు. నేనిచ్చాననుకుని మెకానిక్ మింగాడు. క్రేనోడిచ్చాడని తరవాత చెప్పాను. వాడు నీళ్ల సీసా వైపు చూస్తూ ఉండిపోయాడు.

శనివారం పొద్దున్న నాకు కొంచెం ఆశ పుట్టింది. టిఫినుకి కొబ్బరిపాలతో వండిన అన్నం పెట్టారు. పక్కన కారం ముద్ద, దాని పక్కన కరకరలాడే చిన్న చేపలు. "నెత్తళ్లు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. "మన జాలరిపేట నెత్తళ్లే," అన్నాడు మెకానిక్, నోట్లో వేసుకుని. "సెల్లి ఏపితే ఇంకా బాగుంతాయి," అని కూడా అన్నాడు. ఆ మాటకి క్రేనోడు పళ్లెంలో చెయ్యి ఆపేశాడు. అను, బావా, అనెయ్! ఒక్క మాట! వాడు లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. పళ్లెంలో నెత్తళ్లు అలాగే ఉన్నాయి.

ఆ సాయంత్రం గదిలో వీడియో కాల్. రోజూ ఆ వేళకి క్రేనోడు పాపతో మాట్లాడతాడు. గొడవైనా అది మాత్రం మానలేదు. పాప ఫోను పట్టుకుని, "నాన్నా, బండి సూపించు," అంది. వెనక చెల్లెమ్మ నిలబడి ఉంది, తల దువ్వుకుంటున్నట్టు. దువ్వెన జుట్టులో కదలడం లేదు. క్రేనోడు పాప వైపు చూడ్డం మానేసి ఆ వెనక్కే చూస్తున్నాడు. మెకానిక్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు, నిద్ర నటిస్తూ. నేను క్రేనోడి ఎదురుగా నిలబడి చేతులతో సైగలు చేశాను, మాట్లాడరా, మాట్లాడు అని.

"అన్నం తిన్నావా పాపా?" అన్నాడు.

"ఇందాకే అడిగేవు నాన్నా."

"సరే, ఉంతాను," అని పెట్టేశాడు.

ఓరి నీ దుంపతెగ! గోడకేసి కొట్టాలనిపించింది, నా తలో వాడి తలో.

ఆదివారం అసలు రేసు. ఇంక దారిలేక నేనొక పథకం వేశాను. ఇద్దర్నీ పక్కపక్కన వదిలేసి నేను మాయమవ్వాలి. పొద్దున్నే ముందు మెకానిక్ చెవుల సంగతి చూశాను. "రేపు షెడ్డులో బండి రోగం దేంతో వింటావురా? చెవులు పోతే నీ బతుకు పోయినట్టే," అని తిట్టాను. పోరగా పోరగా ఒప్పుకున్నాడు. ప్లగ్గులు వేళ్లతో నలిపి, సన్నగా చేసి, రెండు చెవుల్లోకీ నా చేత్తో నేనే తోశాను. చాలా బాగా తోశాను.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. రేసు ఆలస్యమైంది. జనం నీళ్లోడుతూ కూర్చున్నారు. క్రేనోడి కుర్చీ మీదికి పైకప్పు నుంచి ధారగా కారుతోంది. వాన తగ్గి, తడిసిన ట్రాక్ మీదికి బండ్లు ఒక్కొక్కటిగా వస్తుండగా నేను లేచాను.

"ఆకలేస్తోంది, ఏదైనా తినొస్తాను," అంటూ చేత్తో తింటున్నట్టు సైగ చేశాను.

"రేసు మొదలవుతుంటే తిండేటిరా!" అని మెకానిక్ అరిచాడు. చెవుల్లో ప్లగ్గులున్నవాడికి తన గొంతు తనకే తెలియదు కదా, స్టాండంతా మావైపు చూసింది.

వెళ్లాను. ఎప్పుడెప్పుడా అని ఏళ్లుగా ఎదురుచూసిన రేసు వెనక మొదలవుతుంటే నేను స్టాండు కింద తోపుడుబండి దగ్గర నిలబడి నూడుల్స్ తింటున్నాను. అవతల ట్రాక్ మీద నేల అదిరేలా బండ్లు పోతున్నాయి. అమ్మా, కనకమహాలక్ష్మీ, వాళ్ల నోళ్లు తెరిపించు తల్లీ, నీకు పాలతో అభిషేకం చేస్తాను అని మొక్కుకున్నాను. ఇంక కడుపులో చోటు లేదనిపించాకే పైకెక్కాను.

వెళ్లేసరికి నా మధ్య సీట్లో క్రేనోడు కూర్చుని ఉన్నాడు! నా ప్రాణం లేచొచ్చింది. మెకానిక్ లేచి నిలబడి, చేతులూపుతూ కేకలు వేస్తున్నాడు. వాడి రైడరు ముందున్నాడు. అమ్మవారు విన్నదనుకున్నాను. అప్పుడు క్రేనోడి మొహం చూశాను. వాడు ట్రాక్ వైపు చూడటం లేదు. తన మోకాళ్లు చూసుకుంటున్నాడు. వాడి రైడరు జారిపడితే చుట్టూ జనం అయ్యో అన్నారు, వాడు తల కూడా ఎత్తలేదు.

రేసయ్యాక బస్సుల వైపు నడుస్తున్నాం. మెకానిక్ సంబరంగా ముందు పోతున్నాడు. వెనకబడి క్రేనోణ్ణి అడిగాను.

"అడిగేసేను," అన్నాడు. "నువ్వెల్లగానే నీ సీట్లోకి జరిగి, వాడి భుజం మీద సెయ్యేసి అడిగేను. 'బావ, తప్పైపోయింది, మీ సెల్లిని పంపించు' అన్నాను. నాకేసి సూడనైనా సూళ్లేదు. తలూపేడు, నా సెయ్యి తీసేసి లేసి నిలబడ్డాడు. అంత సులకనైపోయేనేటి నాను?"

నడుస్తున్నవాణ్ణి ఉన్నచోటే ఆగిపోయాను. "ఒరే! వాడి చెవుల్లో ప్లగ్గులున్నాయిరా! వాడికి వినపడలేదు!"

"మరి తలెందుకు ఊపేడు?"

"ఆ సౌండులో ఎవడేమన్నా ఊపుతాడు!"

పరుగెత్తి మెకానిక్ భుజం పట్టుకుని వెనక్కి తిప్పాను. చెవుల్లో ప్లగ్గులు పీకి, జరిగింది చెప్పాను. వాడి మొహంలో రేసు గెలిచిన ఆనందం పోయి ఇంకేదో వచ్చింది.

"నిజంగా అడిగేడేటి? తప్పైపోయిందన్నాడా? సీటు మీద నీళ్లు కారుతన్నాయని ఇటు జరిగేడనుకున్నాను," అన్నాడు. వాడి కళ్లు తడిశాయి. బావ అన్నాడా అని కూడా అడిగాడు. అన్నాడన్నాను. ఆ క్షణాన వాడు నాలుగడుగులు వెనక్కి వేసుంటే అయిపోయేది. నాలుగంటే నాలుగే అడుగులు. వాడు ముక్కు తుడుచుకుని, ఛాతీ విరిచాడు.

"అయితే మళ్ళీ అడగమను. నాకు ఇనపడేటట్టు. ఇంటికొచ్చి మాయమ్మ ముందర అడగమను."

క్రేనోడి దగ్గరికెళ్లాను. "అడగాల్సింది అడిగేసేను. మాటిమాటికీ అడగడానికి నానేటి, ముష్టోణ్ణా?"

ఇటు వచ్చాను. "ఇనపడంది అడిగినట్టెలగవుద్ది?"

అటు వెళ్లాను. "ఇప్పుడు తెలిసింది కదా. తెలిసేక పంపించొచ్చు కదా?"

ఆ తడి రోడ్డు మీద, జెండాలు కప్పుకున్న జనం మధ్య, అటూ ఇటూ తిరిగీ తిరిగీ నాకు పిచ్చెక్కింది. "మీ ఇద్దర్నీ ఇక్కడే ఒదిలేసి పోతాను! ఆ పిల్ల బతుకుతో ఆడుకుంటున్నారా?" అని అరిచాను. పక్కన పోతున్నవాళ్లు ఆగి చూశారు. వీళ్లిద్దరూ తలలు దించుకున్నారు. కాసేపటికి బస్సొచ్చింది. ముందు మెకానిక్ ఎక్కాడు, ఆఖర్న క్రేనోడు ఎక్కాడు, మధ్యలో నేను.

విశాఖలో దిగి సామాన్లు తీసుకుని బయటికొచ్చేసరికి చెల్లెమ్మ నిలబడి ఉంది, పాపతో. మెకానిక్ షెడ్డు పక్కన ఉండే ఆటో మాట్లాడుకుని వచ్చింది. చేతిలో నీలం బ్యాగు. ఆ రోజు గూడ్స్ ఆటో ఎక్కినప్పుడు ఒళ్లో పెట్టుకున్నదీ అదే. జిప్పు పట్టనంతగా కూరిన బట్టలు. కొత్త చీర కట్టుకుంది. ఏం జరిగుంటుందనుకుని వచ్చిందో అడక్కుండానే తెలిసిపోయింది. నా మాట నమ్మి వచ్చింది.

ఆ బ్యాగు ఇద్దరూ చూశారు. పాప పరుగెత్తుకెళ్లి నాన్న కాళ్లు చుట్టేసింది. వాడు బొమ్మ బైకు తీసి దాని చేతిలో పెట్టాడు. మెకానిక్ తన ట్రాలీ పట్టుకుని క్రేనోడి వైపు చూస్తున్నాడు, పిలుపు కోసం. క్రేనోడు పాప తల నిమురుతూ మెకానిక్ వైపు చూస్తున్నాడు, పంపిస్తాడని. ఎంతసేపూ ఆ చూపులే. ఇంక ఉండబట్టలేక, "నువ్వు క్వార్టర్‌కి వెళ్లిపోమ్మా, నేను చెబుతున్నాను, వెళ్లు," అన్నాను.

"నువ్వు సెప్తే ఎలగ అన్నయ్యా?" అంది. తరవాత గొంతు తగ్గించి, "ఏటైంది అక్కడ?" అని అడిగింది.

ఏం చెప్పను? ఉన్నదున్నట్టు చెప్పాను. మీ ఆయన అడిగాడమ్మా, తప్పైపోయిందన్నాడు, పంపించమన్నాడు. మీ అన్నయ్య చెవుల్లో ప్లగ్గులున్నాయి. వినపడలేదు. ఇప్పుడు వీడు మళ్లీ అడగనంటున్నాడు, వాడు అడిగితేనేగానీ పంపనంటున్నాడు.

ఆమె వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆ తరవాత మాట్లాడిన మాట నాతోనే అంది కానీ గొంతు తగ్గించలేదు.

"నన్ను పంపమని మా అన్నయ్యని అడగడమేటి? పొమ్మంది నన్ను కదా. రమ్మంటే నన్నే అనాల కదా. మొన్న ఫోన్లో ఎదురుగానే ఉన్నాను. నా సెవుల్లో ఏ ప్లగ్గులూ నేవు అన్నయ్యా. అంటే నాకు ఇనపడీది కదా."

ఆ మాట ఇద్దరికీ వినపడింది. వినపడలేదని ఎవడూ అనలేదు. క్రేనోడి నోరు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది. మెకానిక్ ట్రాలీ చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఇంకా కాసేపు చూసింది, నిజంగానే చూసింది, ఇప్పుడైనా అంటాడేమోనని. ఆ తరవాత నీలం బ్యాగు తనే ఎత్తి ఆటోలో పెట్టుకుని పాపని పిలిచింది.

ఆ వారంలోనే పాపని కంచరపాలెం బళ్లో వేశారు. పెద్దమనిషివి, నువ్వూ ఉండాలి అని నన్ను రమ్మన్నారు. వెళ్లాను.